నల్లగా పడిన ఇరవై ఒక్క ఫోటోలు

మంగళవారం పొద్దున్న పదిన్నరకు అబ్బాయిరాజు కంప్యూటరు తెర మీద వేలు ఆనించి, దోనెకు నీడ లేదన్నాడు.

"ఈ దోనె నీళ్ళ మీద ఉందామ్మా, గాల్లో ఉందా?"

హరిణి జవాబు చెప్పేలోపు ఆయనే అందుకున్నాడు. "మా చెల్లెలి మనవరాలికి నాలుగేళ్ళు. దానికి రంగు పెన్సిళ్ళిస్తే చెట్టు గీసి, పక్కన నీడ కూడా గీస్తుంది. నువ్వు ఇంజనీరింగు చదివావు. రెండేళ్ళ నించి ఇక్కడ కూర్చుంటున్నావు. నీడ రాలేదు."

గదిలో ఎనిమిది మంది ఉన్నారు. ఎవరూ తలెత్తలేదు. అబ్బాయిరాజు మేనల్లుడు సూర్యతేజ కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు.

తాడేపల్లిగూడెంలో స్టేషన్ రోడ్డు మీద ఆ మేడ. కింద వెన్నెల ఫోటో స్టూడియో. పాతికేళ్ళుగా అబ్బాయిరాజు అక్కడ పెళ్ళి ఫోటోలు తీస్తున్నాడు. పై అంతస్తులో మూడేళ్ళ కిందట మేనల్లుడి కోసం గేముల కంపెనీ పెట్టాడు. వాళ్ళు తయారు చేస్తున్న గేములో ఆడేవాడు కొల్లేట్లో చేపల చెరువు కాపలాదారు. తెల్లారి గట్టు మీది మకాంలో, తన కాపలా పాకలో, లేస్తాడు. తలుపు తెరుస్తాడు. బయట ఎండ. గట్టు దిగి దోనె ఎక్కుతాడు. మొదటి దృశ్యం అంతే. దానికి వెలుగు పెట్టే పని హరిణిది.

ఆ పని ఇలా ఉంటుంది. తెర చూపించగలిగే వెలుగు కొంచెమే. కొల్లేటి మీద సూర్యుడు పక్కనున్న మబ్బు కంటే వేల రెట్లు ఎక్కువ. మామూలు ఫోటోలో రెండూ ఒకటే తెలుపు. ఆ తేడా పోకుండా అంకెల్లో దాచి, ఆఖర్న తెరకు పట్టేంతగా కుదించాలి. దాన్ని హెచ్‌డీఆర్ అంటారు. తేడా ఉంటేనే మకాంలో చీకటి చీకటిగా ఉంటుంది, తలుపు తీస్తే ఒక్క క్షణం కళ్ళు చెదురుతాయి, దోనె నీడ నీళ్ళ మీద అంచు కట్టి పడుతుంది. అంకెలు ఊహించి వేస్తే కుదరదు. చెరువు గట్టున కెమెరా నిలబెట్టి, ఏడు వైపులకు తిప్పి, ఒక్కో వైపు తొమ్మిదేసి ఫోటోలు తీయాలి. బాగా చీకటిగా మొదలుపెట్టి బాగా వెలుగు దాకా. అవన్నీ కలిపితే ఆ గట్టు మీద ఆ పూట ఉన్న వెలుగు మొత్తం చేతికొస్తుంది.

పదకొండు రోజుల కిందట ఆ ఫోటోలు తీయడానికి అబ్బాయిరాజు తనే వెళ్ళాడు. హరిణి వస్తానంటే, కెమెరా పని తనకు నేర్పనక్కర్లేదన్నాడు.

"నకిలీ సూర్యుణ్ణి ఒకణ్ణి పెట్టేద్దాం మావయ్యా," అన్నాడు సూర్యతేజ.

"పెట్టి చూశానండీ," అంది హరిణి. "నీడ ఒక పక్క పడుతోంది, నీళ్ళ మీద మెరుపు ఇంకో పక్క ఉంటోంది. వచ్చేవాళ్ళు రాసిందే అది కదా. వెలుగు కొల్లేట్లో పట్టిందే కావాలని."

వచ్చేవాళ్ళంటే బెంగళూరు కంపెనీ. గురువారం పదకొండింటికి వాళ్ళ మనిషి వస్తోంది. దృశ్యం నచ్చితే గేము తీసుకుంటారు.

"తప్పు నాది కాదేమోనండీ," అంది హరిణి. "ఫోటోల్లో సూర్యుడు..."

"ఆడలేక మద్దెల ఓడంది." అబ్బాయిరాజు నవ్వలేదు. "పాతికేళ్ళలో నా ఫోటో బాలేదని ఒక్క పెళ్ళివారు అన్లేదు. గురువారం పదకొండు దాకా చూస్తాను. అప్పటికి నీడ రాకపోతే పన్నెండింటికి సామాను సర్దుకో. ఎందుకు తీసేశావని ఎవరడిగినా ఉన్నమాటే చెప్తాను. వెలుగు పెట్టడం రాదని."

ఆ మాట గూడెంలో నిలబడితే అక్కణ్ణించి ఏలూరు పోతుంది, అక్కణ్ణించి హైదరాబాదు పోతుంది. ఆ పని చేసేవాళ్ళు కొద్దిమందే. ఒకళ్ళనొకళ్ళు అడిగే మనుషుల్ని పెట్టుకుంటారు. హరిణికి ఆ సంగతి తెలుసు. అబ్బాయిరాజుకు ఇంకా బాగా తెలుసు.

ఆయన కిందికి దిగాక ఆమె ఫోటోలు మొదటి నించీ తెరిచింది. కలిపిన బొమ్మలో సూర్యుడు మబ్బుకు నలభై రెట్లు మాత్రమే ఉన్నాడు. అలాంటి సూర్యుడికి నీడ పడదు. ఆమె ఫోటోలు లెక్కపెట్టింది. అరవై మూడుండాలి. నలభై రెండున్నాయి. పేర్ల పక్కన కెమెరా వేసిన నంబర్లు చూసింది. ఒకటి, రెండు, మూడు లేవు. నాలుగు నించి తొమ్మిది దాకా ఉన్నాయి. పది, పదకొండు, పన్నెండు లేవు. చివరి దాకా అదే వరస. తొమ్మిదింటిలో మొదటి మూడు లేవు. మొదటి మూడూ నల్లగా పడేవి.

ఆమె కాగితం మీద నంబర్లు రాసుకుని కిందికి వెళ్ళింది. అబ్బాయిరాజు ఎదురుగా పెళ్ళివారు కూర్చుని ఆల్బం అట్టలు ఎంచుకుంటున్నారు.

"రాజుగారూ, కెమెరాలో కార్డు ఒకసారి ఇస్తారా? నంబర్లు తప్పాయండీ."

"నంబర్లు నాకు చెప్పకు. ఫోటో చూసి మాట్లాడు." ఆయన పెళ్ళికూతురి తండ్రి వైపు తిరిగాడు. "పైన కంపెనీలో పని చేస్తుందండీ ఈ అమ్మాయి. సూర్యుడు కనపట్లేదట. నన్నడుగుతోంది."

పెళ్ళివారు నవ్వారు. హరిణి కాగితం మడిచి చేతిలో పెట్టుకుంది.

"పోనీ ఇంకోసారి తీయించండి. రేపు పొద్దున్న వెళ్తే సరిపోతుంది."

"రెండోసారి తీయడమంటే, మొదట తీసినవాడికి చేతకాలేదని. నా కెమెరా గడప దాటదు. పైకెళ్ళు."

టీ కొట్టు దగ్గర బెంజమిన్ దొరికాడు. నలభై ఆరేళ్ళ మనిషి. పంతొమ్మిదేళ్ళుగా అబ్బాయిరాజు వెనక లైటు పట్టుకున్నాడు, ఇప్పుడు చిన్న పెళ్ళిళ్ళు తనే తీస్తున్నాడు. ఆ రోజు అబ్బాయిరాజుకు తోడుగా కొల్లేరు వెళ్ళింది కూడా ఆయనే. హరిణి కాగితం చూపించింది. ఆయన ఒక్కసారి చూసి ఇచ్చేశాడు.

"నా నోట చెప్పించకండమ్మా."

"తొమ్మిదేసి తీశారా, ఆరేసా? అదొక్కటీ చెప్పండి."

"తొమ్మిదేనండీ. నేను లెక్కపెట్టాను. మీరు రాసిచ్చిన కాగితం నా జేబులోనే ఉంది." బెంజమిన్ గ్లాసు కింద పెట్టాడు. "వచ్చేటప్పుడు కార్లో ముందు కూర్చుని కెమెరాలోంచి తీసేశారండీ, నల్లవన్నీ. ఆకివీడు దాటేలోపు అయిపోయింది. ఆయన ఏ పెళ్ళికెళ్ళినా అంతేనండీ. నల్ల ఫోటో ఇంటికి రాకూడదు."

"ఎందుకండీ?"

"రీళ్ళ రోజుల్లో అత్తిలిలో ఒక పెళ్ళి తీశారు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఫ్లాష్ పేలలేదు. అదొక్కటీ నల్లగా పడింది. చూసుకోకుండా కట్టలో పెట్టి ఇచ్చేశారు. ఆర్నెల్లకి ఆ పిల్ల పుట్టింటికొచ్చేసింది. అంతే, పదిమందిని వెంటబెట్టుకుని షాపు మీదకొచ్చారండీ. ముహూర్తం నల్లగా తీశాడని. రాజుగారు మెట్ల మీద చేతులు కట్టుకుని నించున్నారు. ఆ రోజు నించీ నల్లది కనపడితే ఆయన బొటనవేలు ఆగదు. తీసేశానన్న జ్ఞాపకం కూడా ఉండదు. ఆయన లెక్కలో అది ఫోటోనే కాదు."

అబ్బాయిరాజు అబద్ధమాడలేదు. అది హరిణి కోపాన్ని తగ్గించలేదు. అబద్ధమైతే పట్టుకోవచ్చు.

"మీ సొంత కెమెరా ఉంది కదా?"

"పాతదండీ."

"పాతదైనా పరవాలేదు. వెలుగు తగ్గించే నల్ల ఫిల్టరు నా దగ్గరుంది. రేపు పొద్దున్న రండి."

బెంజమిన్ గ్లాసు వైపు చూశాడు. "తెలిస్తే నన్ను ఉంచరండీ."

"నన్నూ ఉంచరు."

"మీకు ఇరవై ఆరేళ్ళు," అన్నాడు బెంజమిన్. కాని బుధవారం తెల్లారకుండానే బండి తెచ్చాడు.

ఉండి ఊరు దాటేసరికి వెలుతురొచ్చింది. చెరువు దగ్గరకు చేరేసరికి ఆరున్నర. గట్టు మీద మకాం, దాని ముందు కరెంటు స్తంభం, రేవులో దోనె. హరిణి పదకొండు రోజులుగా తెర మీద చూస్తున్నవే. ట్రైపాడ్ కాళ్ళ గుంటలు మట్టిలో ఇంకా ఉన్నాయి. బెంజమిన్ అవే గుంటల్లో మళ్ళీ కాళ్ళు దించాడు.

మకాంలోంచి చెరువు ఆసామి బుల్లిరాజు బయటికొచ్చాడు. లుంగీ, బనీను, చేతిలో వేపపుల్ల.

"ఎవరండీ తమరు?"

"వెన్నెల స్టూడియో నించండీ. ఆ రోజు రాజుగారితో..."

"రాజుగారు మా తోడల్లుడు. ఆయనొస్తే కబురు చేసి వస్తారు. మీరు కబురు లేకుండా వచ్చారు." ఆయన కెమెరాకు అడ్డంగా నిలబడ్డాడు. "కొల్లేటి హద్దు, ఆ కాంటూరు కొలిచేవాళ్ళా? గట్టు ఎక్కడిదాకా ఉందో ఫోటో తీసి ఆఫీసులో ఇస్తారా?"

"కాదండీ."

"పోయినేడాది ఇద్దరొచ్చారు. పక్షుల ఫోటోలకనే చెప్పారు. పది రోజులకి మా అన్న చెరువు గట్టుకి యంత్రం వచ్చింది, తెగ్గొట్టడానికి. దయచేయండి. మర్యాదగా చెప్తున్నాను."

"మీ గట్టు పడదండీ," అంది హరిణి. "చెరువు పడదు. ఎండ ఒక్కటే కావాలి."

బుల్లిరాజు పుల్ల నోట్లోంచి తీశాడు. "ఎండ మీ గూడెంలో లేదా?"

"ఉందండీ. కాని ఆ రోజు ఫోటోల్లో ఈ స్తంభం ఉంది. దీనికి ఎటుగా ఎంత ఎండ ఉందో తెలియాలి."

"బాగా చదువుకున్నట్టున్నారు. ఎండని కొలవడానికి ఇంత దూరం వచ్చారు." ఆయన కదల్లేదు. "సరే, తియ్యండి. తీసిన ప్రతిదీ నాకు చూపించాలి. నా గట్టు ఒక్క దాంట్లో కనపడిందా, మీ పెట్టె చెరువులో ఉంటుంది. మీరు కూడా."

హరిణి ఫిల్టరు బిగించింది. ఏడు గంటల పది నిమిషాలకు బెంజమిన్ మొదటిది తీశాడు. ఆమె కెమెరా వెనక తెర బుల్లిరాజు వైపు తిప్పింది. మొత్తం నలుపు. మధ్యలో ఆవగింజంత తెల్ల చుక్క.

"ఏదీ?"

"ఇదేనండీ."

"ఏమీ పడలేదు కదా."

"అదేనండీ కావాలి."

రెండోది కూడా నలుపే. మూడోదీ అంతే. కెమెరా ఎండకు ఎడంగా తిప్పాక ఆ చుక్క కూడా లేదు. బుల్లిరాజు ఆరో ఫోటో దాకా శ్రద్ధగా చూశాడు. ఏడో దానికి నవ్వు ఆపుకోలేకపోయాడు. మకాంలో మేత బస్తాలు దించుతున్న మనుషుల్ని పిలిచాడు. "ఒరే, రండ్రా. గూడెం నించి నలుపు తీసుకెళ్ళడానికి వచ్చారు." వాళ్ళూ వచ్చి చూశారు. ఒకడు కెమెరాకి మూత తీయడం మర్చిపోయారేమోనన్నాడు. ఇరవై ఒకటీ అయ్యేదాకా వాళ్ళ నవ్వుల మధ్య బెంజమిన్ తల తిప్పకుండా తీశాడు. మామూలు ఫోటో ఒక్కటి తీసినా ఆ మనుషులు ఊరుకునేవాళ్ళు కాదు. హరిణికి మామూలు ఫోటోలు అక్కర్లేదు. అవి ఆరేసి చొప్పున అబ్బాయిరాజు తీసినవే ఉన్నాయి.

వాళ్ళు ట్రైపాడ్ మడుస్తుండగా బుల్లిరాజు ఫోను తీశాడు.

"అన్నయ్యగారూ, మీ షాపు వాళ్ళు వచ్చారండీ. ఒకమ్మాయి, మీ బెంజమిన్. ఇరవై ఒక్క ఫోటోలు తీశారు. ఒట్టండీ, ఒక్క దాంట్లోనూ ఏమీ పడలేదు!"

ఫోనులో అవతల నవ్వు వినపడలేదు.

వాళ్ళు గూడెం చేరేసరికి అబ్బాయిరాజు షాపు మెట్ల మీద ఉన్నాడు. బెంజమిన్ బండి స్టాండు వేయకముందే చెయ్యి చాపాడు.

"తాళాలు."

బెంజమిన్ జేబులోంచి షాపు తాళాలు తీసి ఇచ్చాడు. పంతొమ్మిదేళ్ళ నించి పొద్దున్నే షట్టరు తీసేది ఆయనే.

"ఆయన్ని నేనే తీసుకెళ్ళానండీ," అంది హరిణి.

"తెలుసు. నీ లెక్క రేపు పదకొండింటికి. వాడిది ఇవాళే తేలింది." అబ్బాయిరాజు గొంతు పెంచలేదు. "ఇరవై ఒకటి తీశావటగా. ఒక్కటీ పడలేదటగా. పైకెళ్ళి ఆ నల్లవాటితో దీపాలు వెలిగించుకో."

బెంజమిన్ బండి ఎక్కి వెళ్ళిపోయాడు. హరిణి వైపు చూడలేదు.

ఆమె పైకెళ్ళి ఇరవై ఒకటినీ నలభై రెండుతో కలిపింది. పదకొండు రోజుల్లో సూర్యుడు స్తంభానికి ఎడంగా కొంచెం జరిగాడు. ఆ తేడా లెక్కవేసి సర్దింది. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. నాలుగింటికి బొమ్మ కలిసింది. మౌసు సూర్యుడి మీద పెట్టి అంకె చూసింది. నలభై కాదు. ఐదంకెలు వచ్చాయి.

ఆమె దృశ్యం నడిపింది. మకాం లోపల చీకటి. మేత బస్తాలు ఉన్నాయని తెలుస్తుంది గాని ఎన్నో తెలియదు. తలుపు తెరిచింది. తెర మొత్తం తెల్లగా అయిపోయింది. క్షణం తర్వాత తెలుపులోంచి గట్టు వచ్చింది, స్తంభం వచ్చింది, రేవు వచ్చింది. దోనె కింద నీళ్ళ మీద నీడ పడి ఉంది. దాని అంచు కత్తితో కోసినట్టు ఉంది.

వెనక సూర్యతేజ నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నించో ఆమెకు తెలియదు.

"మావయ్యకి చెప్పనా?"

"చెప్పొద్దు. ఇవి నీ మెషిన్లో కూడా పెట్టుకో. ఇప్పుడే."

అతను ఎందుకని అడగలేదు. పెట్టుకున్నాడు.

గురువారం పదకొండుకు ఉమాకుమారి వచ్చింది. యాభై దాటిన మనిషి. పుట్టింది ఏలూరు, పాతికేళ్ళుగా ఉద్యోగం బెంగళూరులో. కుశలప్రశ్నలకు ఎక్కువ సమయం ఇవ్వలేదు. కుర్చీ లాక్కుని తనే ఆడింది. మకాం తలుపు తెరిచినప్పుడు కళ్ళు చిట్లించింది. మళ్ళీ లోపలికి వెళ్ళి మళ్ళీ తెరిచింది. దోనె ఎక్కింది. దోనెను ఎండకు అడ్డంగా తిప్పి నీడ తిరుగుతుందో లేదో చూసింది. నీడ తిరిగింది.

అబ్బాయిరాజు వెనక నిలబడి ఇదంతా చూశాడు. నీడ చూశాడు. హరిణిని చూడలేదు.

"ఈ వెలుగు ఎవరు తీశారండీ?" అంది ఉమాకుమారి.

"నేనేనండీ," అన్నాడు అబ్బాయిరాజు. "పాతికేళ్ళ సర్వీసండీ. స్వయంగా వెళ్ళి తీశాను."

"సూర్యుడి ఫ్రేము ఒకసారి చూపిస్తారా? ఎవరిదైనా నేను ముందు అదే చూస్తాను. చాలామంది అక్కడే దెబ్బతింటారు."

అబ్బాయిరాజు ముందుకొచ్చి తన ఫోల్డరు తెరిచాడు. నలభై రెండు చూపించాడు. వాటిలో ఆకాశం బాగా వచ్చినదాన్ని పెద్దది చేశాడు.

"ఇది కాదండీ. అన్నిటికన్నా నల్లది."

"నల్లవి నా దగ్గరుండవండీ." ఆయన గొంతులో గర్వముంది. "ఫెయిలైన ఫోటో నేను గూడెం తీసుకురాను. కార్లోనే తీసేస్తాను. పాతికేళ్ళుగా అదే పద్ధతి."

అన్నాక ఆయన ఆగాడు. చెయ్యి మౌసు మీదే ఉంది. గదిలో ఎనిమిది మందీ తలెత్తి ఉన్నారు.

ఉమాకుమారి ఆయన వైపు చూసింది. తెర మీద నీడ వైపు చూసింది. "మరి ఈ ఎండ ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

హరిణి వచ్చి అబ్బాయిరాజు పక్క నించి చెయ్యి చాపి మౌసు తీసుకుంది. రెండో ఫోల్డరు తెరిచింది. నల్ల గళ్ళు మూడు వరసల్లో వచ్చాయి, వరసకు ఏడు. మొదటిదాన్ని పెద్దది చేసింది. ఉమాకుమారి తెల్ల చుక్కకు దగ్గరగా వంగి దాని కింద అంకె చదివింది.

"ఇవి తీసిందెవరమ్మా?"

"బెంజమిన్ గారండీ. ఈ స్టూడియో ఫోటోగ్రాఫరే."

"ఆయన్ని పిలుస్తారా?"

సూర్యతేజ మావయ్యను చూశాడు.

"ఇవాళ సెలవండీ," అన్నాడు అబ్బాయిరాజు.

ఉమాకుమారి పన్నెండున్నరకు లేచింది. గేము తీసుకుంటామంది. మిగతా కొల్లేరంతా ఇదే మనుషులు తియ్యాలంది, ఈ అమ్మాయి, ఆ బెంజమిన్ గారు. ఆ ముక్క ఒప్పందంలో రాయిస్తానంది.

ఆమె కారు కదిలాక అబ్బాయిరాజు పైకొచ్చాడు. అందరినీ భోజనానికి పంపాడు. హరిణిని ఉండమన్నాడు.

"నలుగురిలో నా పరువు తీశావు."

"నేనొక్క మాట అన్లేదండీ. మీరే చెప్పారు."

"మంగళవారం నాడే నాతో చెప్పొచ్చు కదా, నల్లవి తీసేశారని."

"నంబర్లు పట్టుకుని వచ్చాను. పెళ్ళివారి ముందు నన్ను నవ్వులపాలు చేశారు."

అబ్బాయిరాజు కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇవి వాడికి ఇచ్చెయ్."

"మీరు తీసుకున్నారు. మీరే ఇవ్వండి. ఆయన లేకుండా నేను కొల్లేరు వెళ్ళను. ఆవిడ రాయిస్తానన్నది విన్నారు."

"బెదిరిస్తున్నావా?"

"అవునండీ."

కింద ఎవరో షట్టరు తట్టి, ఫోటోలు రెడీనా అని అడిగారు. అబ్బాయిరాజు ఫోను తీసి బెంజమిన్‌కు కలిపాడు. "అత్తిలి పెళ్ళి ఆదివారం. బ్యాటరీలు ఛార్జింగు పెట్టాలి. వచ్చి తాళాలు తీసుకెళ్ళు." అవతల మాట వినకుండానే పెట్టేశాడు.

ఆయన లేచి హరిణి మెషిను దగ్గరకు వచ్చాడు. నల్ల గళ్ళు ఇంకా తెర మీదే ఉన్నాయి. చాలాసేపు వాటివంక చూశాడు. కుడిచేతి బొటనవేలు చూపుడువేలి పక్కన కదిలింది. చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ఇవి ఇంకెక్కడైనా ఉన్నాయా?"

"తేజ మెషిన్లో ఉన్నాయండీ. మా ఇంట్లో ఉన్నాయి."

"ఇక్కడ మటుకు ఉంచకు," అన్నాడు అబ్బాయిరాజు. "నా చేతికి అందకుండా పెట్టు."

ఆయన మెట్లు దిగేదాకా ఆగి, హరిణి ఆ ఫోల్డరుకు తాళం వేసి, భోజనం క్యారేజీ తీసింది.